పేషెంటక్క కదలకుండా పడుకున్న రోజు

ఆ అంబులెన్స్ స్టేషన్‌లో అందరికన్నా ఎక్కువ ప్రమాదాల్లో చిక్కుకున్న మనిషి నేల తుడిచే ఆవిడే. పదకొండేళ్లలో ఆవిడ మూడంతస్తుల మేడ మీంచి పడింది, లారీ చక్రం కింద పడింది, కూలిన గోడ కింద నలిగింది, ఒక్క పొద్దుటిపూటే నాలుగుసార్లు బైకు మీంచి ఎగిరిపడింది. పడ్డ ప్రతిసారీ లేచి, వెనక అంటిన దుమ్ము దులుపుకుని, "నా చీపురెక్కడ పెట్టార్రా?" అని అడిగి తన పనిలో పడిపోయేది.

కాగితాల్లో ఆవిడకో పేరుంది. హాజరు పుస్తకంలో తప్ప అది ఎక్కడా వాడకంలో లేదు. స్టేషన్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ పేషెంటక్క.

ఆ పేరు రావడానికి కారణం ఒక బొమ్మ. కొత్తగా చేరిన టెక్నీషియన్లకి పని నేర్పించడానికని పై ఆఫీసు నుంచి ఒక పెట్టె వచ్చింది. పెట్టె మీద 'నిలువెత్తు మనిషి బొమ్మ' అని రాసి ఉంది. విప్పితే బొమ్మ నడుము దాకానే ఉంది. పెట్టె మీద రాసిందీ పెట్టెలో ఉన్నదీ ఒకటే అయి తీరాలని ఆఫీసుల్లో ఎవరూ పట్టుబట్టరు గనక అది నిలువెత్తు మనిషిగానే రికార్డుకెక్కింది. నేర్పించే మాస్టారు పాతికేళ్లు అత్యవసర విభాగంలో నర్సుగా చేసి వచ్చిన మనిషి. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది. బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి తుంటి విరగాలంటే ముందు తుంటంటూ ఒకటి ఉండాలి కదయ్యా!" అన్నాడు.

మూలన తడిగుడ్డ పిండుతున్న ఆవిడ ఫక్కున నవ్వింది.

"ఎవరా నవ్వింది? ఇలా రా. నీకున్నాయా కాళ్లు?"

"రెండున్నాయి మాస్టారూ."

"అయితే పడుకో."

ఆవిడ పడుకుంది. అలా మొదలైంది.

ఆ రోజు మాస్టారు నేర్పింది బెల్టు కట్టడం. జానెడు వెడల్పున్న నల్లటి బెల్టు అది. పడుకున్న మనిషి కిందనుంచి తెచ్చి ముందు బిగిస్తే, తగినంత బిగువు రాగానే 'టక్' మంటుంది. "తుంటి దగ్గర ఎముకలన్నీ కలిసి ఒక గిన్నెలా ఉంటాయి," అన్నాడు మాస్టారు, ఆవిడని చూపిస్తూ. "పెద్ద దెబ్బ తగిలితే ఆ గిన్నె పగులుతుంది. పగిలితే లోపల రక్తం కారిపోతుంది. బయటికి చుక్క కనబడదు. పగిలిన గిన్నెని రోడ్డు మీద మనం అతికించలేం. ముక్కలు ఎడం కాకుండా దగ్గరికి పట్టి ఉంచుతాం, అంతే."

"విరిగిందో లేదో ఎలా తెలుస్తుంది సార్?" అన్నాడొక కుర్రాడు.

"నీకు తెలీదు. నాకూ తెలీదు. ఎక్స్‌రే తీసినవాళ్లకి తెలుస్తుంది. అనుమానం వస్తే కట్టెయ్. రెండు చేతులతో తుంటి నొక్కి, ఊపి చూద్దామనుకున్నావో, నీ చేతులు విరగ్గొడతా." ఆయన వంగి ఆవిడ తొడ పక్కన రెండు వేళ్లు ఆనించాడు. "ఎక్కడ కట్టాలో చూడండి. ప్యాంటు నిలబెట్టుకునే చోట కాదు. అది నడుం. అక్కడ కడితే దండగ. చేతులు వేలాడేసి నిలబడితే మీ మణికట్టు ఎక్కడుంటుందో అక్కడ, తొడ పక్కన ఒక బొడిపె తగుల్తుంది. కాలు తిప్పితే అదీ తిరుగుతుంది. బెల్టు నడిమధ్య ఆ బొడిపె మీద ఉండాలి. ఇటు పక్కా, అటు పక్కా."

అంతా అయ్యాక, గది ఖాళీ అయ్యాక, ఆవిడ తడిగుడ్డ చేత్తో పట్టుకుని ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"మాస్టారూ, అలా దెబ్బ తగిలినవాళ్లని లేపి కూర్చోబెడితే?"

"కూర్చోబెట్టకూడదు."

"కూర్చోబెడితే?"

ఆయన సంచీ సర్దుకోవడం ఆపి ఆవిడ ముఖంలోకి చూశాడు. ఎవరిని అని అడగలేదు. "లోపల రక్తం ఎక్కువ పోవచ్చు. పోకపోవచ్చు. తెలీక చేసినవాళ్లని ఎవరూ ఏమీ అనలేరమ్మా," అన్నాడు.

ఆవిడ వెళ్లి అప్పటికే తుడిచిన నేలని మళ్లీ తుడిచింది. అదే చోటు నాలుగుసార్లు.

అంతకు రెండేళ్ల ముందు వెనక్కొస్తున్న లారీకీ గోడకీ మధ్య ఆవిడ సొంత అక్క నలిగింది. ఒంటి మీద గీత కూడా లేదు. "లేపవే, నేల చల్లగా ఉంది," అంది అక్క. ఈవిడ చంకల కింద చేతులేసి లేపింది. ఎవరి కారునో ఆపి, వెనక సీట్లో కూర్చోబెట్టి, తల తన భుజం మీద వేసుకుంది. దార్లో అక్క తన తొమ్మిదేళ్ల కూతురికి జడ ఎలా వెయ్యాలో చెప్పింది, మరీ బిగించి వేస్తే ఏడుస్తుందని. ఆస్పత్రి గేటు దాటేలోపే మాట ఆగిపోయింది.

పిల్లని ఈవిడే పెంచింది. పెళ్లీ గిళ్లీ అనే మాట ఎవరైనా ఎత్తితే, "ఉన్న ఒక్క గదిలో ఎంతమందిని కుక్కుతారు?" అని కొట్టిపారేసేది. ఆ పిల్ల ఇప్పుడు ఇరవై రెండేళ్లది. తలుపు దగ్గర తల వంచుకుని లోపలికి వచ్చేంత పొడుగు. అయినా ఇంట్లో దాని పేరు చిన్నదే.

* * *

మాస్టారు ఒక రోజు అనుకున్నది పదకొండేళ్లయింది. బ్యాచ్ వెనక బ్యాచ్. పేషెంటక్కకి మెడ పట్టీలు కట్టారు, కాళ్లకి చెక్కలు కట్టారు, అన్నిటికన్నా ఎక్కువగా ఆ నల్లబెల్టు కట్టారు. కళ్లు మూసుకుని పడుకున్నా బెల్టు సరైన చోట ఉందో లేదో ఆవిడ ఒంటికి తెలిసిపోయేది. ఒకసారి మాస్టారు, "బాగానే ఉంది," అని ముందుకెళ్లబోతుంటే, నేల మీంచి, "ఎడమ పక్క రెండు వేళ్లు పైనుంది మాస్టారూ," అని వినబడింది. కొలిచి చూస్తే రెండు వేళ్లే.

ఆవిడతో పరాచికాలాడని రోజు డ్రైవర్‌కి పొద్దుపోదు. "అక్కా, ఇవాళ దేని కింద పడ్డావ్?" అనేవాడు బండి కడుగుతూ.

"నీ బండి కిందేరా. ఇంకెవరు తోల్తారు మనుషుల మీదకి అంత తిన్నగా?"

"నా బండి కింద పడితే నీకేం కాదులే. బండికే అవుద్ది."

ఆవిడ తప్పు ఎక్కడ మొదలైందంటే, మూడో బ్యాచ్‌లోనో నాలుగో బ్యాచ్‌లోనో చెయ్యి వణికే ఒక అమ్మాయి వచ్చింది. బెల్టుని మోకాళ్ల వెనక సందులోంచి దూర్చి, ఇద్దరు చెరో కొసా పట్టుకుని, అటు కాస్త ఇటు కాస్త లాగుతూ పైకి తేవాలని మాస్టారు చెబుతాడు. అది ఓపిక పని. పడుకున్నప్పుడు నడుం కింద కూడా ఒక సందు ఉంటుంది, అది చేతికి దగ్గర. కంగారులో ఆ అమ్మాయి బెల్టుని అక్కడ దూర్చేసింది. ఇక అది కిందికి దిగదు. మనిషి బరువు దాని మీద ఉంటుంది. అమ్మాయి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మాస్టారు అటు తిరిగి ఇంకెవరినో తిడుతున్నాడు.

పేషెంటక్క తుంటిని బొటనవేలంత ఎత్తింది. అంతే. బెల్టు జర్రున జారి సరైన చోట కూర్చుంది. 'టక్' మంది. మాస్టారు తిరిగి చూసి, "శభాష్," అన్నాడు.

ఆ తర్వాత ఆవిడకి అదొక అలవాటయింది. చెయ్యి వణికిన ప్రతివాళ్లకీ బొటనవేలంత. బెల్టు ఒక పక్కకి ఒరిగిందనిపిస్తే అరంగుళం జరగడం. అక్కని లేపిన రోజు తనకి చెయ్యి పట్టి చెప్పేవాళ్లు లేకపోయారు, వీళ్లకి తనుంది, అనుకునేది. పిల్లలు పాసయ్యేవాళ్లు. మోకాళ్ల దగ్గర్నుంచి తేవడం కన్నా నడుం సందులోంచి లాగడం సులువని ఒక బ్యాచ్ ఇంకో బ్యాచ్‌కి చెవిలో చెప్పింది. పేషెంటక్క మీద అది నిజమే. ఆవిడ మీద మాత్రమే నిజమని ఎవరికీ తోచలేదు. ఆవిడకీ తోచలేదు.

కిందటేడు చిన్నది కూడా టెక్నీషియన్‌గా చేరి, ఆ చాప మీదే, పిన్ని మీదే బెల్టు కట్టి పాసయింది. ఆ రోజు పేషెంటక్క లేచి దుమ్ము దులుపుకోలేదు. ఆ దుమ్ముతోనే ఇంటికెళ్లింది.

* * *

ఒక మధ్యాహ్నం రెండో అంతస్తు గోడకి రంగు వేస్తున్న పెయింటరు పరంజా మీంచి పడ్డాడు. బండిలో వెళ్లింది డ్రైవరూ చిన్నదీ. చిన్నది చూడగానే పోల్చుకుంది. పడ్డ ఎత్తు, పాలిపోయిన ముఖం, తుంటి దగ్గర నొప్పంటున్న మనిషి. కట్టాలి. బెల్టు కింద ఏదీ ఒత్తకుండా అతని జేబులు ఖాళీ చేసింది, బెల్టు తీసింది. నడుం సందులోంచి దూర్చింది. లాగింది.

దిగలేదు.

ఇంకోసారి లాగింది. పెయింటరు కెవ్వుమన్నాడు. గొడవ చేసే జనం చుట్టూ ఉన్నారు, "తొందరగా తీసుకెళ్లండమ్మా, ఏం చూస్తున్నారు?" అని ఒకడు, "నీళ్లు పట్టండి," అని ఇంకొకడు. ఎక్కడ ఆగిందో అక్కడే బిగించింది. 'టక్' మంది. ఆ చప్పుడు విని తనే నమ్మేసింది. సరైన చోట బిగించినా అదే చప్పుడు, కాని చోట బిగించినా అదే చప్పుడు.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరమ్మ దుప్పటి తొలగించి చూసింది. నర్సుని పిలిచి, రెండో బెల్టు కింద సరిగ్గా కట్టించి, అప్పుడు మొదటిది విప్పించింది. పెయింటరు బతికాడు. పదో రోజున అతను చిన్నదాన్ని చూసి, "గోడ సగమే వేశాను తల్లీ, మిగతా సగం నీ చేత వేయిస్తా," అన్నాడట. డాక్టరమ్మ మాత్రం ఆ సాయంత్రమే స్టేషన్‌కి ఒక కాగితం పంపింది. బెల్టు నడుము మీద ఉంది, ఉండవలసిన చోట లేదు. కట్టిన టెక్నీషియన్ మళ్లీ నా ఎదుట కట్టి చూపించేవరకు బండి ఎక్కించవద్దు. వచ్చే సోమవారం వస్తాను. చిన్నది ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. సోమవారం తప్పితే ఉద్యోగమే ఉండదని కాగితంలో రాయలేదు. అది రాయకుండానే అందరికీ తెలిసే సంగతి.

ఇంటికొచ్చి చిన్నది బూట్లు విప్పకుండానే గోడకి జారగిలబడింది.

"దిగలేదు పిన్నీ. ఎంత లాగినా దిగలేదు."

"ఎక్కణ్నుంచి తెచ్చావే?"

"నడుం కిందనుంచే. నీ మీదయితే ఇట్టే దిగుతుంది కదా! ఆయన ఒళ్లు ఏంటో సిమెంటు బస్తాలా ఉంది."

పేషెంటక్క మడతపెడుతున్న తువ్వాలు చేతిలోనే ఉండిపోయింది. సిమెంటు బస్తా కాదు. దెబ్బ తగిలిన మనిషి ఒళ్లు అలాగే ఉంటుంది. అక్క ఒళ్లు కూడా అలాగే ఉంది, చంకల కింద చేతులేసి లేపినప్పుడు.

"సోమవారం పడుకునేది నువ్వేగా పిన్నీ," అంది చిన్నది, కళ్లు తుడుచుకుంటూ. "నువ్వుంటే నాకేం భయం?"

* * *

మర్నాడు పొద్దున్నే ఆవిడ మాస్టారి దగ్గరికెళ్లి చెప్పేసింది. చెబుతున్నంతసేపూ చీపురు పుల్లలు ఒకటొకటే విరుస్తూ ఉంది. మాస్టారు వింటూ వింటూ కుర్చీలో కూలబడ్డాడు.

"ఎన్ని బ్యాచ్‌లు?"

"మూడో దాన్నుంచో, నాలుగో దాన్నుంచో."

"ఓరి దేవుడా! పదకొండేళ్లుగా నేను నేర్పుతున్నాననుకున్నా. నువ్వు నేర్పావన్నమాట." ఆయన గొంతు పెద్దదయింది. "జాలి పడ్డావా? వాళ్ల మీద జాలి పడితే రోడ్డు మీద పడ్డవాడి మీద ఎవరు పడతారు? వాడెత్తుతాడా బొటనవేలంత?"

"ఎత్తడు మాస్టారూ."

"ఎత్తడు! ఎత్తితే వాడికి మన అవసరమే లేదు!"

ఆవిడ తల దించుకుంది. ఆయన కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. డ్రైవర్ బండి అద్దాలు తుడుస్తూ, అంతా వింటూ, విననట్టు ఈల వేస్తున్నాడు. మాస్టారు గొంతు తగ్గింది. "తప్పు నాది కూడా. ఎప్పుడూ ఒక్క మనిషి మీదే నేర్పా. పాత బ్యాచ్‌లందరినీ మళ్లీ పిలుస్తా. సోమవారం సంగతి చెప్పు. ఇంకెవరినైనా పడుకోబెట్టనా?"

వేరేవాళ్లు పడుకుంటే బాగుండుననే ఆవిడకి రాత్రంతా అనిపించింది. తను పడుకుంటే ఎత్తేస్తుంది. ఎత్తితే చిన్నది పాసవుతుంది, ఉద్యోగం నిలుస్తుంది, ఇంకో పెయింటరు పడ్డ రోజున మళ్లీ బెల్టు నడుం మీదే ఆగిపోతుంది.

"నేనే పడుకుంటా మాస్టారూ," అంది. "చెడగొట్టింది నేనే."

ఆ సాయంత్రం చిన్నదానికీ చెప్పింది. గుమ్మంలో కూర్చున్న పిల్ల ఒక్కసారిగా లేచి నిలబడింది. తల తలుపు చట్రానికి కొట్టుకుంది. ఆ నొప్పికీ ఈ నొప్పికీ కలిపి అరిచింది.

"అంటే నేనెప్పుడూ పాస్ కాలేదన్నమాట! అందరిలోకీ త్వరగా కట్టానని మాస్టారు మెచ్చుకుంటే, అది కట్టింది నువ్వా? ఎందుకు పిన్నీ అలా చేశావ్?"

అప్పుడావిడ పదమూడేళ్లుగా నోటిదాకా వచ్చి ఆగిపోయిన సంగతి చెప్పింది. లారీ, గోడ, చల్లటి నేల, చంకల కింద తన చేతులు, కారు సీటు. చెప్పేటప్పుడు పిల్ల ముఖంలోకి చూడలేదు, గుమ్మం పక్కనున్న దాని బూట్ల వైపు చూసింది.

చిన్నది మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది.

"అమ్మ లేపమంది కదా?"

"ఆఁ."

"అమ్మ మాట నువ్వెప్పుడు కాదన్నావ్ గనక?" అంది. "నీకు అప్పుడు తెలీదు పిన్నీ. నాకు తెలుసు. తెలిసీ పైన కట్టా." తర్వాత పిన్ని భుజానికి ఆనుకుని, "జడ మాత్రం బిగించే వేసేదానివి. చెప్పినా వినలేదు నువ్వు," అంది.

ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టుకుని నవ్వారు. అందులో నవ్వెంతో ఏడుపెంతో వాళ్లకే తెలీదు.

* * *

మిగిలిన రోజులు ఇంట్లో పెద్ద తతంగం. బెల్టు ఇంటికి తేకూడదు గనక చిన్నది దుప్పటిని జానెడు వెడల్పున మడిచి బెల్టు చేసింది. రెండో కొస పట్టడానికి డ్యూటీ దిగాక డ్రైవర్ వచ్చేవాడు. మోకాళ్ల కిందనుంచి దూర్చు, అటు లాగు, ఇటు లాగు, తొడ పక్కన బొడిపె వెతుకు. పని చిన్నదానికి రెండు రోజుల్లో పట్టుబడింది. పట్టుబడనిది పేషెంటక్కకే.

కదలకుండా పడుకోవడం ఆవిడకి చేతకాలేదు. వద్దు వద్దని మనసు మొత్తుకుంటున్నా, దుప్పటి ఒంటికి తగలగానే తుంటి దానంతట అదే పైకి లేచేది. పదకొండేళ్ల అలవాటు.

"అదిగో, ఎత్తావ్!"

"ఎత్తలేదే!"

"ఎత్తావక్కా. నేను చూశా," అనేవాడు డ్రైవర్. "ఆ ఎత్తుకి మా బండి టైరు మార్చేయొచ్చు."

చివరికి చిన్నది ఒక గ్లాసు నిండా నీళ్లు పోసి పిన్ని పొట్ట మీద పెట్టింది. నీళ్లు ఒలికితే ఎత్తినట్టు. మొదటి రోజు మూడు చాపలు తడిశాయి. రెండో రోజు రెండు. మూడో రోజు ఆవిడ కాళ్లూ చేతులూ వదిలేసి, తన ఒళ్లు తనది కాదన్నట్టు, ఎవరో అక్కడ పడేసి వెళ్లిపోయారన్నట్టు పడుకుంది. అలా పడుకోవడం ఎంత భయంగా ఉంటుందో ఆవిడకి అప్పుడు తెలిసింది. కింద నేల చల్లగా ఉంది. పైన ఎవరి చేతులో, వాటికి పని తెలుసో తెలీదో. నీళ్లు ఒలకలేదు.

డ్రైవర్ గ్లాసెత్తి ఆ నీళ్లు తాగేశాడు. "ఇప్పుడు నువ్వు నిజం పేషెంటువక్కా," అన్నాడు.

* * *

సోమవారం డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, పొట్టిగా, మాట పొదుపుగా ఉండే మనిషి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చాప పక్కనే నిలబడింది. తలుపు దగ్గర స్టేషనంతా మెడలు సాచి ఉంది. మాస్టారు గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"ఎత్తు మీంచి పడింది. తుంటి నొప్పంటోంది. మొదలుపెట్టండి," అంది డాక్టరమ్మ.

పేషెంటక్క పడుకుని పైకప్పు వైపు చూసింది. పైకప్పులో ఫ్యాను రెక్క ఒకటి కాస్త వంగి ఉంటుంది. ఇన్నేళ్లూ చూస్తున్నదే. పొట్ట మీద గ్లాసుందనుకుంది. నిండా నీళ్లున్నాయనుకుంది.

చిన్నది పిన్ని యూనిఫాం కోటు జేబులు తడిమి ఖాళీ చేసింది. తాళాలు, చిల్లర, ఒక జడ పిన్ను. బెల్టు తీసింది. డ్రైవర్ అవతలి పక్క మోకాళ్ల మీద కూర్చున్నాడు. అందరి చూపులూ దాని చేతుల మీదే ఉన్నాయి. ఆ చేతులు నాలుగైదు రోజులు ఇంట్లో నేర్చుకున్నది మరిచిపోయి ఏడాది అలవాటు వైపు పరుగెత్తాయి. బెల్టు నడుం సందులో దూరింది.

పేషెంటక్క ఒంటికి తెలిసిపోయింది. పైనుంది. మరీ పైనుంది.

చిన్నది లాగింది. దిగలేదు. ఇంకోసారి లాగింది. పిల్ల వేళ్లు వణుకుతున్నట్టు బెల్టులోంచి ఆవిడ వీపుకి తెలుస్తోంది. బొటనవేలంత చాలు. పక్కన నిలబడ్డ డాక్టరమ్మకి కూడా కనబడదు. తొమ్మిదేళ్లప్పట్నుంచీ ఈ పిల్ల ఏడిస్తే తను లేవని క్షణం లేదు. కాళ్ల కండలు బిగుసుకున్నాయి. తుంటి లేవబోయింది.

గ్లాసు, అనుకుందావిడ. నీళ్లు.

కండలు వదిలేసింది. ఒళ్లంతా నేలకి అప్పగించేసింది. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. వాటిని తుడుచుకోవడానిక్కూడా చెయ్యెత్తలేదు.

బెల్టు ఆగిపోయింది. చిన్నది పిన్ని ముఖం చూసింది. ఎప్పుడూ చూడని ముఖం అది. సాయం చెయ్యని ముఖం. ఒక్క క్షణం రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని ఊపిరి పీల్చుకుంది.

"తీసేద్దాం," అంది డ్రైవర్‌తో. "తప్పు చోట పెట్టా. మోకాళ్ల దగ్గర్నుంచి."

బెల్టు బయటికొచ్చింది. మోకాళ్ల వెనక దూరింది. అటు కాస్త, ఇటు కాస్త. తొందర లేదు. పైకి, ఇంకా పైకి. ఆగింది. చిన్నది రెండు వేళ్లు తొడ పక్కన ఆనించి వెతికింది. ఒక పక్క, రెండో పక్క. చెరో వైపు సమంగా లాగారు. 'టక్'. పాదాలు రెండూ దగ్గరికి చేర్చి గుడ్డతో కట్టింది. గడియారం చూసి టైము రాసింది.

డాక్టరమ్మ వంగింది. ఎవరినీ ఏమీ అడక్కుండా రెండు వేళ్లు బెల్టు మీద పెట్టి కింద బొడిపె ఎక్కడుందో చూసింది. ఇటు, అటు.

"మొదట తప్పుగా పెట్టారు," అంది.

"అవునండీ."

"తీసి మళ్లీ ఎందుకు పెట్టారు? ఆ రోజు తియ్యలేదుగా?"

"ఆ రోజు బిగిస్తే చాలనుకున్నానండీ. ఎక్కడ బిగించానో చూసుకోలేదు."

డాక్టరమ్మ నిటారుగా నిలబడి మాస్టారి వైపు తిరిగింది. "బండి ఎక్కించండి. తప్పు పెట్టానని రోడ్డు మీద ఒప్పుకునేవాళ్లు నాకు కావాలి." సంచీ భుజానికి వేసుకుని, నేల మీదున్న మనిషి వైపు చూసింది. "మీరు చాలా బాగా చేశారమ్మా. అసలు కదల్లేదు. ఎన్నాళ్ల నుంచి చేస్తున్నారు?"

"ఇదే మొదటిసారండీ," అంది పేషెంటక్క.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. మాస్టారు దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు.

గదిలో ఒక్కసారి గోల లేచింది. ఎవరో చిన్నదాని వీపు చరిచారు, ఎవరో టీ చెప్పమన్నారు. ఆ గోలలో నేల మీంచి ఒక గొంతు వినబడింది.

"ఒసేయ్, ఇక విప్పవే. గదులింకా తుడవలేదు నేను."

చిన్నది పక్కన గొంతుక్కూర్చుని, పిన్ని చెవుల్లోకి కారిన నీళ్లు తన చొక్కా చేతి కొసతో తుడిచింది. "డాక్టరు చెప్పేదాకా విప్పకూడదు పిన్నీ. రూలు."

"డాక్టరమ్మ ఇక్కడే ఉంది కదే! అడుగు!"

అడిగేలోపే గోడ మీది ఫోను మోగింది. మాస్టారు ఎత్తి విని, వేలు చూపించాడు. పెద్ద రోడ్డు మలుపులో బైకు, ఒకరు కింద పడ్డారు. డ్రైవర్ అప్పటికే తాళాల కోసం జేబు తడుముకుంటూ పరుగెడుతున్నాడు. చిన్నది లేచింది, గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచింది, వెనక్కి చూసింది.

"వెళ్లవే, వెళ్లు!" అని అరిచింది పేషెంటక్క. "మోకాళ్ల దగ్గర్నుంచి!"

మనుషులంతా వాకిట్లోకి పరుగెత్తారు. డాక్టరమ్మ కూడా వాళ్ల వెనకే వెళ్లింది. గదిలో ఫ్యాను తిరుగుతోంది. పాదాలు కట్టి, తుంటి బిగించి, నల్లబెల్టు బొడిపెల మీద వేలు తేడా లేకుండా కూర్చుని ఉండగా, ఆవిడ ఒక్కతే చాప మీద మిగిలిపోయింది. లేవబోయింది. లేవలేకపోయింది. అంత గట్టిగా కట్టింది పిల్ల.

"ఎవరైనా ఉన్నార్రా?" అని పిలిచింది.

ఎవరూ లేరు. ఆవిడ చేతులు పొట్ట మీద పెట్టుకుని, సైరను గేటు దాటడం, వీధి చివర మలుపు తిరగడం, దూరమవడం వింటూ, హాయిగా పడుకుంది.